స్పిండిల్ ఎన్‌కోడర్‌తో సీఎన్‌సీ లేత్ మీద థ్రెడ్ వేయడం ఎలా

"లేత్‌కి ఎన్‌కోడర్ పెట్టాను, వైర్లన్నీ కలిపాను, ఫేసింగ్, టర్నింగ్ బ్రహ్మాండంగా వస్తున్నాయి, థ్రెడ్ మాత్రం రెండో పాస్‌కే చెడిపోతోంది. జి76లో ఏం మార్చాలి?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. జవాబు మాత్రం మారలేదు: ముందు జి76 (థ్రెడ్‌ని పాస్‌లు పాస్‌లుగా కోసే రెడీమేడ్ కోడ్) జోలికి వెళ్లకండి. ఎన్‌కోడర్ (స్పిండిల్ తిరిగేకొద్దీ పల్స్‌లు పంపే సెన్సర్) సరిగ్గా లెక్కపెడుతోందో లేదో చూడకుండా ప్రోగ్రామ్‌లో అంకెలు మారుస్తూ కూర్చుంటే రోజంతా పోతుంది, ఇన్సర్టులు పోతాయి, రాడ్లు పోతాయి, సమస్య మాత్రం అక్కడే ఉంటుంది.

సొంతంగా సీఎన్‌సీగా మార్చుకున్న లేత్‌ని, అందులోనూ లైనక్స్‌సీఎన్‌సీ అనే ఉచిత కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచేదాన్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఫానుక్ తరహా కంట్రోల్ ఉన్న మెషిన్‌లో వైరింగ్, సెటప్ పని కంపెనీవాళ్లే చేసి ఇస్తారు కాబట్టి, మీకు ఏడో స్టెప్ నుంచి పనికొస్తుంది.

థియరీ రెండే ముక్కలు. థ్రెడ్ అంటే స్పిండిల్ ఒక చుట్టు తిరిగేలోపు టూల్ సరిగ్గా ఒక పిచ్ (పక్కపక్క గాడుల మధ్య దూరం) జరగాలి. ఆ పైన, ప్రతి పాస్‌లోనూ టూల్ అదే గాడిలో పడాలి. మొదటి పనికి ఎన్‌కోడర్‌లోని ఏ, బీ ఛానెళ్లు, రెండో పనికి చుట్టుకి ఒక్కసారే వచ్చే ఇండెక్స్ పల్స్. థ్రెడ్ చెడిందంటే ఈ రెండిట్లో ఏది తప్పిందో కనిపెట్టడమే మన పని.

కావలసినవి

ఇంక్రిమెంటల్ ఎన్‌కోడర్ ఒకటి, ఏ, బీ, ఇండెక్స్ మూడూ ఉన్నది. ఏ, బీ మాత్రమే ఉన్నది చవకగా దొరుకుతుంది గానీ, ఇండెక్స్ కోసం మళ్లీ విడిగా సెన్సర్ పెట్టుకోవాలి. చుట్టుకి 1000 లేదా 1024 పల్స్‌లు ఉన్నది బాగుంటుంది. ఎక్కువ పల్స్‌లుంటే మంచిది కదా అని 5000 వాటికి వెళ్లకండి, మీ కార్డు అంత వేగంగా లెక్కపెట్టలేకపోతే ఉన్న పనీ చెడుతుంది.

ఒకే సంఖ్యలో పళ్లున్న రెండు టైమింగ్ పుల్లీలు, వాటికి సరిపడే పళ్ల బెల్ట్. వీ బెల్ట్, గుండ్రటి రబ్బరు బెల్ట్ వద్దే వద్దు, అవి జారతాయి.

షీల్డ్ ఉన్న ట్విస్టెడ్ పెయిర్ కేబుల్. ఎన్‌కోడర్‌ని హార్డ్‌వేర్‌లోనే లెక్కపెట్టే కార్డు (మెసా 7ఐ76ఈ లాంటి వాటిలో స్పిండిల్ ఎన్‌కోడర్ ఇన్‌పుట్ ఉంటుంది). వెర్నియర్, మైక్రోమీటర్, పిచ్ గేజ్, పర్మనెంట్ మార్కర్. చివరిది మర్చిపోకండి, అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది అదే.

కార్డు లేకుండా కంప్యూటర్ పాత ప్రింటర్ పోర్టు, అంటే పారలల్ పోర్టుతోనే లాగించాలనుకునేవాళ్లు ఒక లెక్క చూసుకోండి. 1000 పల్స్‌ల ఎన్‌కోడర్‌ని నాలుగింతలుగా లెక్కపెడితే చుట్టుకి 4000 కౌంట్లు. 1500 ఆర్‌పీఎం అంటే సెకనుకి 25 చుట్లు, అంటే సెకనుకి లక్ష కౌంట్లు. బేస్ థ్రెడ్ (మరల థ్రెడ్ కాదు, సాఫ్ట్‌వేర్ పిన్‌లని చదివే చక్రం) 25 మైక్రోసెకన్లు పెట్టుకున్నా కంప్యూటర్ సెకనుకి 40,000 సార్లే ఆ పిన్‌ని చూస్తుంది, కాబట్టి సగానికి పైగా ఎగిరిపోతాయి. అదే 100 గీతల డిస్క్ అయితే సెకనుకి 10,000 కౌంట్లే, హాయిగా నడుస్తుంది. పారలల్ పోర్టుకి తక్కువ పల్స్‌ల ఎన్‌కోడరే సరి.

ఇంకో మాట. మాక్3 అనే ఇంకో కంట్రోల్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి చుట్టుకి ఒక్క పల్స్ చాలు. అయితే అది చుట్టు మధ్యలో స్పిండిల్ నెమ్మదించిందా అన్నది చూడలేదు, కాబట్టి కట్ పడగానే వేగం తగ్గే చిన్న మోటార్ల మీద పిచ్ తేడా వస్తుంది. చిన్న కంట్రోలర్ బోర్డుల మీద నడిచే మామూలు జీఆర్‌బీఎల్‌లో అయితే స్పిండిల్‌తో కలిసి నడిచే థ్రెడ్డింగే లేదు, ఎంత వెతికినా దొరకదు.

1. బిగించడం

ఎన్‌కోడర్ స్పిండిల్‌తోనే తిరగాలి, మోటార్‌తో కాదు. మోటార్ వెనకాల షాఫ్ట్ ఖాళీగా ఉంది కదా అని అక్కడ పెట్టేవాళ్లు చాలామంది. మోటార్‌కీ స్పిండిల్‌కీ మధ్య బెల్ట్ జారితే, గేర్ మారిస్తే మీ లెక్కంతా పోయినట్టే.

స్పిండిల్ వెనక చివర ఒక పుల్లీ, ఎన్‌కోడర్ మీద ఇంకోటి, రెండిటికీ పళ్లు సమానం. అప్పుడు స్పిండిల్ ఒక చుట్టుకి ఇండెక్స్ ఒకేసారి వస్తుంది. జాగా లేక పళ్లు మార్చాల్సి వస్తే, ఉదాహరణకి స్పిండిల్ మీద 60, ఎన్‌కోడర్ మీద 20 అనుకుందాం, ఎన్‌కోడర్ మూడు చుట్లు తిరుగుతుంది, ఇండెక్స్ కూడా మూడుసార్లు వస్తుంది. ఏ పాస్‌కి ఏ ఇండెక్స్ అందుకుంటుందో మన చేతిలో ఉండదు కాబట్టి పాస్‌కో గాడి పడుతుంది. అలాంటప్పుడు ఎన్‌కోడర్ ఇండెక్స్‌ని వదిలేసి, స్పిండిల్ మీదే ఒక సెన్సర్ పెట్టి ఇండెక్స్ అక్కడి నుంచి తీసుకోండి.

బెల్ట్ వదులుగా ఉండకూడదు, అలాగని వీణ తీగలా లాగకూడదు. ఎన్‌కోడర్ బేరింగులు చిన్నవి, పక్క బరువుని ఎక్కువ కాలం మోయలేవు.

గ్రబ్ స్క్రూ బిగించేచోట షాఫ్ట్‌ని కాస్త ఫ్లాట్‌గా ఫైల్ చేసుకోండి, ఇనప రజను ఎన్‌కోడర్ లోపలికి పోకుండా గుడ్డ చుట్టి. తర్వాత పుల్లీ మీద నుంచి షాఫ్ట్ మీదికి మార్కర్‌తో ఒక సన్నటి గీత. ఈ గీత కథ కిందికి వెళ్లాక చెప్తాను.

2. వైరింగ్

ముందు ఎన్‌కోడర్ వోల్టేజ్ చూడండి. 5 వోల్టుల రకం, 5 నుంచి 24 దాకా నడిచే రకం, రెండూ బయట ఒకేలా కనిపిస్తాయి. 24 వోల్టులిచ్చిన ఓపెన్ కలెక్టర్ ఎన్‌కోడర్ అవుట్‌పుట్‌ని పుల్-అప్‌తో సహా 5 వోల్టుల ఇన్‌పుట్‌కి కలిపారంటే కార్డు పోయినట్టే.

అవుట్‌పుట్ రకం కూడా ముఖ్యం. లైన్ డ్రైవర్ రకంలో ప్రతి ఛానెల్‌కీ ప్లస్, మైనస్ అని రెండేసి వైర్లుంటాయి, స్పిండిల్ డ్రైవ్ గోలని అది బాగా తట్టుకుంటుంది, డబ్బులు కాస్త ఎక్కువైనా నేను అదే కొంటాను. ఓపెన్ కలెక్టర్ రకమైతే పుల్-అప్ రెసిస్టర్ ఉండాలి, అది లేకపోతే సిగ్నల్ అసలు పైకి లేవదు. "ఎన్‌కోడర్ చచ్చిపోయింది" అని పారేసిన వాటిలో కొన్ని నిజానికి ఈ రెసిస్టర్ లేనివే.

షీల్డ్‌ని కంట్రోల్ ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి. మోటార్ కేబుల్, ఎన్‌కోడర్ కేబుల్ ఒకే పైపులో పంపకండి. తప్పనిసరిగా దాటాల్సి వస్తే అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించండి.

3. సాఫ్ట్‌వేర్‌లో కలపడం

ఇక్కడ నాలుగు సంగతులు చూడాలి. పొజిషన్ స్కేల్ అంటే స్పిండిల్ ఒక చుట్టుకి ఎన్ని కౌంట్లు అన్నది. 1000 పల్స్‌ల ఎన్‌కోడర్, సమానమైన పళ్లు అయితే 4000. పైన చెప్పిన 60, 20 పళ్ల లెక్కలో అయితే 12,000. చాలామంది 1000 అని వేసి, ఒక్క చుట్టుకి నాలుగు చుట్లు చూపిస్తోందేమిటని తల పట్టుకుంటారు.

రెండోది, ఎన్‌కోడర్ పొజిషన్ స్పిండిల్ రెవ్స్ పిన్‌కి వెళ్లాలి (ఇక్కడ పిన్ అంటే వైరు కాదు, సాఫ్ట్‌వేర్ లోపలి కనెక్షన్). మూడోది, స్పీడ్ పిన్‌కి వెళ్లేది సెకనుకి ఎన్ని చుట్లు అన్న అంకె, ఆర్‌పీఎం కాదు. స్క్రీన్ మీద ఆర్‌పీఎం కావాలంటే 60తో గుణించి విడిగా చూపించుకోండి, ఆ అంకె గంతులేస్తుంటే ఫిల్టర్ కూడా ఆ దారిలోనే పెట్టుకోండి, థ్రెడ్డింగ్‌కి వెళ్లే దారిలో పెట్టకండి.

నాలుగోది ఇండెక్స్ ఎనేబుల్. ఇది రెండు వైపులా నడిచే పిన్. కంట్రోల్ దాన్ని ఆన్ చేసి కూర్చుంటుంది, ఇండెక్స్ రాగానే ఎన్‌కోడర్ దాన్ని ఆఫ్ చేస్తుంది, ఆ క్షణం నుంచి థ్రెడ్ మొదలు. ఈ పిన్ సరిగ్గా కలవకపోతే స్పిండిల్ తిరుగుతూనే ఉంటుంది, టూల్ మాత్రం కదలదు, ఎర్రర్ మెసేజ్ కూడా ఏమీ రాదు.

4. చేత్తో తిప్పి చూడడం

దీన్ని మాత్రం వదలొద్దు. డ్రైవ్ పవర్ తీసేయండి, ఎమర్జెన్సీ నొక్కి ఉంచండి. చక్ మీద మార్కర్‌తో ఒక గీత, హెడ్‌స్టాక్ మీద దానికెదురుగా ఇంకో గీత. రెండూ కలిసినప్పుడు పొజిషన్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. ఇప్పుడు చేత్తో నెమ్మదిగా పది చుట్లు తిప్పి మళ్లీ గీతల్ని కలపండి. తేడా సరిగ్గా 10 రావాలి, చేతి వాటం వల్ల 9.99, 10.01 వస్తే ఫర్వాలేదు. 9.7 వస్తే కౌంట్లు పోతున్నాయి. 40 వస్తే స్కేల్ తప్పు.

స్పిండిల్ ముందుకి, అంటే ఎం3 దిశలో తిప్పినప్పుడు అంకె పెరగాలి. తగ్గుతుంటే స్కేల్ ముందు మైనస్ పెట్టండి, లేదా ఏ, బీ వైర్లు అటూ ఇటూ మార్చండి. రెండూ చేస్తే మళ్లీ మొదటికే వస్తారు. (నేను చేశాను.)

తర్వాత వెనక్కి పది చుట్లు. బయల్దేరిన చోటికే రావాలి.

5. మోటార్‌తో తిప్పి చూడడం

చేత్తో బాగా వచ్చింది కదా అని సంబరపడకండి, అసలు గోల డ్రైవ్ ఆన్ చేశాకే మొదలవుతుంది. మొదట స్పిండిల్ ఆపి ఉంచి, డ్రైవ్‌కి పవర్ మాత్రం ఇచ్చి రెండు నిమిషాలు చూడండి, పొజిషన్ కదలకూడదు. ఆ తర్వాత థ్రెడ్ వేయబోయే వేగంలో తిప్పుతూ హాల్‌స్కోప్‌లో (లైనక్స్‌సీఎన్‌సీలో సిగ్నళ్లని గీతలుగా చూపించే టూల్) రెండు ఇండెక్స్‌ల మధ్య కౌంట్లు ఎన్నో చూడండి. ప్రతి చుట్టుకీ 4000 రావాలి, ఒకటి అటూ ఇటూ అయితే సరే. 4000, 4000, 3987, 4000 అని వస్తోందంటే ఎక్కడో నాయిస్ దూరుతోంది, రెండో స్టెప్‌కి వెళ్లండి. ఒక్కోసారి 1300, 2700 అని విరిగి వస్తోందంటే దొంగ ఇండెక్స్ పల్స్ పడుతోంది, అది ఇంకా ప్రమాదం.

6. గాల్లో ఒకసారి

జాబ్ పెట్టకుండా, టూల్‌ని దూరంగా ఉంచి జి33తో (స్పిండిల్‌తో కలిసి ఒక్క పాస్ నడిపే కోడ్) ఒక పాస్ నడపండి. స్పిండిల్ నడుస్తుండగానే వేగం కొంచెం తగ్గించండి, జెడ్ యాక్సిస్ కూడా నెమ్మదించాలి. వేగం పెంచితే పరుగెత్తాలి. ఇది జరిగితే రెండూ నిజంగా జత కట్టినట్టు. జరగకపోతే మీ జెడ్ ఏదో ఫిక్స్‌డ్ ఫీడ్‌తో పోతోంది, థ్రెడ్ రాదు.

ఈ పాస్ నడుస్తున్నంతసేపూ ఫీడ్ ఓవర్‌రైడ్ పని చేయదు, ఫీడ్ హోల్డ్ నొక్కినా వెంటనే ఆగదు. అది లోపం కాదు, మధ్యలో ఆగితే థ్రెడ్ పోతుంది కాబట్టే అలా చేశారు. కానీ చక్ దగ్గరికి టూల్ వెళ్తున్నప్పుడు ఫీడ్ హోల్డ్‌ని నమ్ముకుంటే చక్ జాలు, టూల్ రెండూ పోతాయి. ఎమర్జెన్సీ మీద చెయ్యి ఉంచండి.

7. జాబ్, టూల్ సెట్ చేయడం

ఎం10×1.5 బయటి థ్రెడ్ తీసుకుందాం. రాడ్ డయా సరిగ్గా 10 పెట్టకండి. 6జి ఫిట్‌కి (బయటి థ్రెడ్‌కి మామూలుగా వాడే టాలరెన్స్) బయటి డయా 9.732 నుంచి 9.968 మధ్య ఉండాలి, నేను 9.90కి తిప్పుకుంటాను. చివర చాంఫర్ కొట్టండి, థ్రెడ్ ఆగే చోట వీలుంటే రెండు పిచ్‌ల వెడల్పు గాడి తీయండి, టూల్ బయటికి రావడానికి చోటుంటుంది.

టూల్ సెంటర్ ఎత్తు చూడండి, ఇన్సర్ట్ జాబ్‌కి లంబంగా ఉందో లేదో చూడండి. ఒక పక్కకి వంగిన థ్రెడ్ వస్తే ఎన్‌కోడర్‌ని తిట్టకండి, అది పూర్తిగా టూల్ పాపం. పొడవు జాబ్ అయితే టెయిల్‌స్టాక్ సెంటర్ తప్పదు.

8. వేగం, మొదలుపెట్టే దూరం

వేగం ఎంత పెట్టాలి? జెడ్ వేగం అంటే పిచ్ ఇంటూ ఆర్‌పీఎం. 400 ఆర్‌పీఎంకి 1.5 పిచ్ అంటే నిమిషానికి 600 మి.మీ., సెకనుకి 10. మీ జెడ్ గరిష్ఠ వేగంలో సగం దాటకుండా చూసుకోండి.

ఇండెక్స్ వచ్చిన క్షణంలో జెడ్ ఆగి ఉంటుంది, అక్కడి నుంచి వేగం అందుకోవాలి. ఆ అందుకునే దూరంలో పిచ్ తప్పుగానే ఉంటుంది, కాబట్టి అది గాల్లోనే అయిపోవాలి. వేగం వర్గాన్ని యాక్సిలరేషన్‌కి రెట్టింపుతో భాగిస్తే ఆ దూరం వస్తుంది. సెకనుకి 10 మి.మీ., యాక్సిలరేషన్ 200 అయితే పావు మి.మీ. చాలు. అదే 3 మి.మీ. పిచ్, 1000 ఆర్‌పీఎం అన్నారనుకోండి, సెకనుకి 50, దూరం 6 మి.మీ. దాటిపోతుంది. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. లెక్క వేసే ఓపిక లేకపోతే నాలుగు పిచ్‌ల దూరం నుంచి మొదలుపెట్టి, వేగం తక్కువ ఉంచండి, మామూలు పనికి సరిపోతుంది. ఈ దూరంలోనే జెడ్ స్క్రూ బ్యాక్‌లాష్ కూడా తీరిపోతుంది.

రెండు నిషేధాలు. ఒకటి, జి96 (డయాని బట్టి ఆర్‌పీఎం మార్చే మోడ్) ఆన్‌లో ఉండకూడదు, జి97 (ఒకే ఆర్‌పీఎం) పెట్టండి. లేకపోతే డయా తగ్గేకొద్దీ వేగం మారుతుంది. రెండు, పాస్‌కీ పాస్‌కీ మధ్య ఆర్‌పీఎం మార్చకండి. జెడ్ వేగం అందుకునేలోపు స్పిండిల్ ఎంత ముందుకి వెళ్తుందన్నది ఆర్‌పీఎం మీదే ఆధారపడుతుంది, అది మారితే గాడి పక్కకి జరుగుతుంది. శబ్దం బాగాలేదని మూడో పాస్‌లో నాబ్ తిప్పారా, జాబ్ చెత్తబుట్టలోకే.

9. గీత పాస్

చాలామంది వదిలేసే స్టెప్ ఇదే. రాడ్ మీద మార్కర్ నీలం పూసి, 0.05 మి.మీ. లోతుతో ఒకే ఒక్క పాస్ వేయండి. సన్నటి గీత పడుతుంది. పిచ్ గేజ్ ఆనించి చూడండి, తర్వాత వెర్నియర్‌తో పది గాడుల దూరం కొలవండి. 15.0 రావాలి. ఒక్క గాడి కొలిస్తే తప్పు తెలియదు, పది కొలిస్తే దాక్కోలేదు.

ఇప్పుడు అసలు పరీక్ష: అదే లోతుతో, ఏమీ మార్చకుండా అదే పాస్ ఇంకో ఐదుసార్లు నడపండి. లెన్స్ పెట్టి చూస్తే ఇంకా ఒకే గీత కనిపించాలి. రెండు గీతలు కనిపిస్తే ఇండెక్స్ సంగతి తేలలేదన్నమాట, లోతు కట్‌కి వెళ్లకండి.

10. జి76

లైనక్స్‌సీఎన్‌సీలో డయామీటర్ మోడ్ ఉంటే ఐ, జె, కె మూడూ డయా లెక్కలోనే ఇవ్వాలి. ఇక్కడే ఎక్కువమంది సగం లోతుతో ఆగిపోతారు. మన ఉదాహరణలో టూల్‌ని ఎక్స్ 12, జెడ్ 6 దగ్గర నిలబెట్టండి. పి అంటే పిచ్, 1.5. ఐ అంటే అక్కడి నుంచి రాడ్ ఉపరితలం దాకా, -2.1. జె మొదటి పాస్, 0.3. కె మొత్తం లోతు: ఎం10×1.5 అడుగు డయా 8.16, 9.9లోంచి తీస్తే 1.74. ఆర్ 1.5 ఇవ్వండి, పాస్ పాస్‌కీ కట్ తగ్గుతూ పోతుంది. క్యూ 29.5, అంటే ఇన్సర్ట్ ఎక్కువగా ఒక పక్కతోనే కోస్తుంది, చాటర్ తగ్గుతుంది. హెచ్ 2, చివర్లో లోతు పెంచకుండా తిరిగే పాస్‌లు.

ఫానుక్ తరహా కంట్రోల్‌లో జి76 రెండు లైన్లుగా ఉంటుంది, లోతు ఒక పక్కకి మాత్రమే (డయా కాదు, వ్యాసార్థం లెక్క), మైక్రాన్లలో, చుక్క లేకుండా. ఒకదానిలోని అంకెలు ఇంకోదానిలో అలాగే కొట్టకండి.

చుట్టుకుపోయే చిప్‌ని చేత్తో లాగకండి. గ్లవ్స్ వేసుకుని తిరిగే జాబ్ దగ్గరికి అసలు వెళ్లొద్దు.

11. కొలవడం

నట్ ఎక్కితే థ్రెడ్ వచ్చినట్టు కాదు, లొడలొడలాడే థ్రెడ్‌కి కూడా నట్ ఎక్కుతుంది. గో, నోగో రింగ్ గేజ్ ఉంటే సరే. లేకపోతే మూడు వైర్ల పద్ధతి, అంటే గాడుల్లో మూడు సన్నటి వైర్లు పెట్టి వాటి పైనుంచి కొలవడం. 1.5 పిచ్‌కి 0.866 మి.మీ. వైర్లు, మైక్రోమీటర్ కొలత 10.161 నుంచి 10.293 మధ్య ఉంటే 6జి లోపల ఉన్నట్టు. ఎక్కువుంటే జాబ్‌ని చక్‌లోంచి తీయకుండానే కె కొంచెం పెంచి మళ్లీ నడపండి. జాబ్ ఒకసారి తీశారంటే అదే గాడి పట్టుకోవడం వేరే తలనొప్పి.

ఏ రోగానికి ఏ మందు

స్పిండిల్ తిరుగుతోంది, టూల్ కదలదు: ఇండెక్స్ రావట్లేదు, లేదా స్పిండిల్ ఎట్ స్పీడ్ పిన్ (స్పిండిల్ అడిగిన వేగం అందుకుందని చెప్పేది) ఆన్ కాలేదు. చాలాసార్లు రెండోదే.

పిచ్ అన్నిచోట్లా ఒకే నిష్పత్తిలో తప్పు: స్కేల్ లేదా జెడ్ స్క్రూ కాలిబ్రేషన్. జెడ్‌ని 100 మి.మీ. నడిపి డయల్‌తోనో వెర్నియర్‌తోనో చూస్తే ఏదో తేలిపోతుంది.

మొదటి రెండు మూడు మరలు మాత్రమే తప్పు, తర్వాత బాగుంది: మొదలుపెట్టే దూరం చాలలేదు.

ప్రతి చుట్టులోనూ గాడి కొంచెం అటూ ఇటూ ఊగుతున్నట్టు ఉంది: పుల్లీ రంధ్రం సెంటర్‌లో లేదు. డయల్ పెట్టి చూడండి.

మొదట బాగా వచ్చి, లోతు పెరిగాక చెడుతోంది: దీనికి నా కథే చెప్తాను. మొదటి మూడు పాస్‌లు అద్దంలా వచ్చేవి, నాలుగో పాస్‌లో గాడి ఒక పక్క తినేసేది. నాయిస్ అనుకుని కేబుల్ మార్చాను, రెసిస్టర్లు మార్చాను, డ్రైవ్‌కి ఫిల్టర్ పెట్టాను. రెండు రోజులయ్యాక విసుగొచ్చి వెనక కవర్ తీసి టార్చ్ వేస్తే, ఎన్‌కోడర్ పుల్లీ మీద నేను గీసిన గీత రెండు ముక్కలై ఉంది. షాఫ్ట్ మీది ముక్క ఒకచోట, పుల్లీ మీది ముక్క మిల్లీమీటరున్నర అవతల. 6 మి.మీ. షాఫ్ట్ చుట్టుకొలత 19 మి.మీ. లోపే, అంటే చుట్టులో పన్నెండో వంతు జారింది, 1.5 పిచ్ మీద అది 0.12 మి.మీ. గ్రబ్ స్క్రూ వేలితోనే తిరిగింది. చేత్తో తిప్పినప్పుడు జారేది కాదు, స్పిండిల్ స్టార్ట్ అయిన కుదుపుకి మాత్రం పాస్‌కింత జారేది. ఇప్పుడు రెండు స్క్రూలు, 90 డిగ్రీల తేడాతో, లాక్‌టైట్ వేసి పెట్టాను. నెలకోసారి కవర్ తీసి ఆ గీత కలిసే ఉందో లేదో చూస్తాను.